పదిహేను ముడులు, మరో మూడు

లెక్క నాకు ఎవరూ నేర్పలేదు. పదో తరగతి తప్పాక విజయనగరం పక్కనున్న మా పల్లె వదిలి, తొంభైల మొదట్లో అరకు కొండల్లో ఒక కాఫీ తోటకు మస్తరు రాయడానికి వచ్చాను. ఎంతమంది పనిలోకి వచ్చారు, ఎవరు ఏ వరసలో ఉన్నారు అని రాసుకోవడం, పొద్దున్న ఎనిమిదిన్నరకు రెయిన్ గేజిలో నీళ్ళు కొలిచి పుస్తకంలో ఎక్కించడం నా పని. వానాకాలంలో మనుషులు రాని రోజులుండేవి గాని నీళ్ళు రాని రోజులుండేవి కావు.

నాకు ముందు ఆ గదిలో ఉన్న గుమాస్తా బదిలీ మీద వెళ్తూ ఒక రీజనింగ్ గైడు వదిలేసి వెళ్ళాడు. దానికి అట్ట లేదు. చివరి పేజీలు చెదలు తినేశాయి. జవాబులుండేది ఆ పేజీల్లోనే. మొదట సరదాకు మొదలుపెట్టి, రెండు వానాకాలాల్లో ఆ పుస్తకమంతా చేశాను. ఒక మాటను ఇలా రాస్తే ఇంకో మాటను ఎలా రాస్తారు అని అడిగే లెక్కలంటే నాకు ప్రాణం. క్యాట్‌ను డి, బి, యు అని రాస్తే డాగ్‌ను ఎలా రాయాలి? ఒక్కో అక్షరాన్ని ఒక్కో అడుగు ముందుకు జరపాలి. ఏ ఒకటి, జెడ్ ఇరవై ఆరు. ఐదు అంటే ఈ, పది జె, పదిహేను ఓ, ఇరవై టి, ఇరవై ఐదు వై. ఈ ఐదు మేకులూ గోడకు దిగగొట్టుకుంటే మిగతా అక్షరాలు వాటికి వేలాడతాయి. జవాబులు లేవు కాబట్టి ప్రతి లెక్కనూ రెండు దారుల్లో చేసేవాణ్ణి. రెండు దారులూ ఒకే చోటికి వస్తే సరి అని గీత గీసేవాణ్ణి.

ఈ అలవాటు పట్టుకుంటే మనిషిని ఊరికే వదలదు. గోడ మీద నాలుగు బల్లులుంటే డి అనిపించేది. ఇనపరాయి మోసుకుంటూ గూడ్సు పోతుంటే వ్యాగన్లు లెక్కబెట్టి ఇరవయ్యారేసి తీసేస్తూ ఆఖర్న ఏ అక్షరం మిగులుతుందో చూసేవాణ్ణి. సొరంగంలోకి పోయిన బండికీ బయటికొచ్చిన బండికీ ఒకే అక్షరం వచ్చిందా లేదా అని కూడా చూశానంటే నమ్మండి. ఒంటరిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా మబ్బు కిందికి దిగి తోటంతా కనపడకుండా పోయినప్పుడు, ఎవరో రాస్తున్నారు, నేను చదువుతున్నాను అన్నట్టుండేది. ఏం రాస్తున్నారో ఎప్పుడూ తేలేది కాదు.

కొన్నేళ్ళకు నా సంగతి తెలిసి రైల్వే పరీక్షలకూ గ్రూపు పరీక్షలకూ చదివే పిల్లలు రావడం మొదలుపెట్టారు. ప్రార్థన మందిరం వెనక గదిని పాస్టరు గారు మాకు వదిలారు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా పాఠం. కిటికీలోంచి మబ్బు లోపలికొచ్చేది. సుద్దముక్క మెత్తబడి బోర్డు మీద అక్షరం పడేది కాదు. అప్పుడు నోటితోనే చెప్పేవాణ్ణి. పిల్లలు వాళ్ళలో వాళ్ళు అంకెలతోనే మాట్లాడుకునేవారు. ఎవడైనా "ఇరవై, ఐదు, ఒకటి" అన్నాడంటే టీ తాగుదాం అని.

ఆ పిల్లల మధ్య ఒక ఆడమనిషి వచ్చి కూర్చునేది. ఆమెకు ముప్పై రెండు దాటాయి. ఆడపిల్లల హాస్టల్లో వంటగది పని. ఊరు, కొరాపుట్ వైపు రెండు స్టేషన్ల అవతల, రైలు దిగాక కొండెక్కాలి. వాళ్ళ నాన్న లైను వేసినప్పుడు గ్యాంగు కూలీ. ఈమెకు ఆ లైను మీదే ఉద్యోగం కావాలి. వయసు పరిమితి ఆ ఏడుతో ఆఖరు. వాళ్ళన్న కూడా చెప్పేశాడట, ఈ ఒక్కసారి రాసుకో, రాకపోతే హాస్టలు మానేసి కొండకొచ్చి మా పోడు చూసుకో, పిల్లల్ని చూసుకో అని. కాబట్టి ఆమెకున్నది ఒకే పరీక్ష. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. పిల్లలు ఆమెను అప్పా అని, అంటే అక్కా అని, పిలిచేవారు.

ఆమె కాగితం మీద చేసేది కాదు. కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేళ్ళు ఆడించేది, ఏదో ముడి విప్పుతున్నట్టు. "అప్పా, ఇప్పేసినావా?" అని పిల్లలు ఎగతాళి చేసేలోపు జవాబు చెప్పేసేది. ఒకసారి పాత గైడులోంచి నేనెప్పుడూ తేల్చుకోలేని లెక్క ఒకటి ఇచ్చాను. చాలాసేపు వేళ్ళు ఆడించి ఆపేసింది.

"దీనికి జవాబు నేదు మేస్టారు. రాసినోడు మజ్జిలో లేసి ఎల్లిపోనాడు."

అందరూ నవ్వారు. ఇంటికెళ్ళి మళ్ళీ చూశాను. మొదటి మూడక్షరాలకు ఒక పద్ధతి, తర్వాతి మూడింటికి ఏ పద్ధతీ లేదు. నిజంగానే రాస్తూ రాస్తూ ఎవరో లేచి వెళ్ళిపోయినట్టుంది. ఆరేళ్ళుగా నేను ఖాళీ కుర్చీతో కుస్తీ పట్టానన్నమాట.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో ఒక వానాకాలం, ఆమె దరఖాస్తు పెట్టుకుంది. కొండకు టపా సరిగా పోదు కాబట్టి నా చిరునామా ఇచ్చింది. హాల్ టికెట్టు వచ్చేలోపు చోడి, అంటే రాగి, నాట్లకు ఊరు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళే రోజు నాకు చెప్పింది, హాల్ టికెట్టు వచ్చాక సంతలో మా ఊరోళ్ళ చేత తాడు పంపండి అని. వాళ్ళ కొండ మీద పెళ్ళికైనా పండగకైనా పిలుపు అలాగే వెళ్తుంది. అడ్డాకు తీగ నారతో పేనిన తాడుకు ఎన్ని రోజులుంటే అన్ని ముడులు వేస్తారు. అందిన మర్నాటి నుంచి రోజుకొక ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజే బయల్దేరే రోజు.

చీటీ రాసి పంపుతానులే అన్నాను.

"చీటీ తడిసిపోద్ది. మాటైతే నోరు మారినప్పుడల్లా మారిపోద్ది. తాడు మారదు మేస్టారు."

ఇంకా ఒక ఏర్పాటు చేసుకున్నాం. కిరండోల్ నుంచి వచ్చే పాసింజరు సాయంత్రం అరకులో ఆగుతుంది. ఆమె ఇంజనుకు మూడో పెట్టెలో, ప్లాట్‌ఫారం వైపు కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి బయట పెడుతుంది. నేను హాల్ టికెట్టు అందిస్తాను. ఆ రాత్రికి విశాఖపట్నంలో మిషను హాస్టల్లో పడుకుని మర్నాడు పరీక్ష రాస్తుంది.

హాల్ టికెట్టు ఒక గురువారం వచ్చింది. పరీక్ష పై పై వారం ఆదివారం. అంటే శనివారం బండెక్కాలి. మర్నాడు శుక్రవారం సంత. తాడు ఆ సాయంత్రానికి కొండెక్కుతుంది, శనివారం తెల్లవారి మొదటి ముడి. వేళ్ళ మీద లెక్కేశాను, క్యాలెండరు మీద లెక్కేశాను. రెండు దారుల్లోనూ పదిహేను. పదిహేను ముడులు వేశాను.

అక్కడితో ఆగి ఉండాల్సింది. హాల్ టికెట్టు వెనక, కుల ధ్రువపత్రం అసలుది తేవాలని రాసి ఉంది. ఆమె పత్రం ఊళ్ళో వాళ్ళన్న ట్రంకు పెట్టెలో ఉందని నాకు తెలుసు. ఇది ఎలా చెప్పడం? చేతిలో తాడు ఉంది, తాడులో ఇంకా మూరెడు నార మిగిలింది. ఇంగ్లీషులో ఆ మాట సి అనే అక్షరంతో మొదలవుతుంది, సి అంటే మూడు. రోజుల ముడుల తర్వాత నాలుగు వేళ్ళ వెడల్పు ఖాళీ వదిలి, మూడు సన్న ముడులు వేశాను. మాలో మాకు ఇలాంటివి మామూలే కాబట్టి ఆమె చూడగానే నవ్వుకుంటుందనుకున్నాను. ఒక చీటీ కూడా, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, తాడుతో పాటు పంపి ఉండొచ్చు. పంపకపోవడానికి వాన కారణం కాదు. ఆ మూడు ముడులు నాకు అంత బాగా నచ్చాయి.

సంతలో వాళ్ళ ఊరి ఆవిడ తాడు తీసుకుని బొడ్లో దోపుకుంది. ఒక్క మాట అడగలేదు.

ఆ శనివారం పొద్దున్న రెయిన్ గేజిలో నలభై ఒక్క మిల్లీమీటర్లు. మధ్యాహ్నం నుంచి వాన ఆగకుండానే మబ్బు దిగడం మొదలైంది. సాయంత్రం స్టేషనుకు వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం మీద పక్కనున్న దీపస్తంభం తప్ప రెండోది కనపడలేదు. హాల్ టికెట్టు ఉన్న కవరును పాలిథిన్‌లో చుట్టి చొక్కా లోపల పెట్టుకున్నాను. బండి వచ్చిన చప్పుడు ముందు వినపడలేదు. మబ్బులో ఒక పసుపు మరక కనపడి, పెద్దదై, ఇంజనైంది. పెట్టెలు లెక్కబెట్టాను. ఒకటి, రెండు, మూడు.

మూడో పెట్టెలో నాలుగో కిటికీ. ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికి చాచి ఉంది.

పెట్టెలో దీపాలు వెయ్యలేదు. తల మీదుగా కప్పుకున్న ముదురు దుప్పటి కనపడింది, ఆమె దుప్పటి ముదురు రంగే. ముఖం కనపడలేదు. కనపడాలని నాకు తోచలేదు కూడా. రోజు సరిపోయింది, పెట్టె సరిపోయింది. రెండు దారులూ కలిశాయి. కవరు ఆ చేతిలో పెట్టాను. పత్రం తెచ్చావా అమ్మా అని అడిగితే తల కొంచెం కదిలింది. కోడింగు ముందు చెయ్యి, టైము చూసుకో అని చెప్పాను. బదులు రాలేదు. చెయ్యి వెనక్కి పోయేటప్పుడు దాని మీద పచ్చబొట్టు చుక్కలు మూడు వరసల్లో ఉంటే అలవాటు కొద్దీ లెక్కబెట్టాను. తొమ్మిది. తొమ్మిది అంటే ఐ. ఇంకొకటి కూడా గమనించాను, అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. అంత వానలో చాచి ఉన్న ఆ చెయ్యి నా వేళ్ళకు పొడిగా తగిలింది.

బండి కదిలి మబ్బులోకి పోయింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. ఆదివారం పరీక్ష జరిగే రెండు గంటలూ తోటలో కూర్చుని, ఇప్పుడు ఫలానా లెక్క చేస్తూ ఉంటుంది అనుకున్నాను.

మంగళవారం సాయంత్రం పాఠం చెప్తుండగా గది గుమ్మంలో ఆమె వచ్చి నిలబడింది. నిలువునా తడిసి, చేతిలో సంచీ, సంచీలో అన్నం గిన్నె. పిల్లలు పరీక్ష ఎలా రాశావప్పా అని లేచారు. ఆమె వాళ్ళకు చెప్పకుండా నన్నే అడిగింది.

"టేసన్లో సూసి సూసి దిగిపోనాను. రానేదేటి మేస్టారు? హాల్ టికెట్టేది?"

 శనివారం ఇచ్చాను కదమ్మా అన్నాను. ఆమె నవ్వింది, నేను పరాచికం ఆడుతున్నాననుకుని. తర్వాత నా ముఖం చూసి నవ్వడం ఆపింది. శనివారం తను చోడి మడిలో నాట్లు వేస్తూ ఉందట. వాళ్ళమ్మమ్మ ఆఖరి ముడి విప్పింది ఈ పొద్దున్నేనట.

తాడు నువ్వు చూడలేదా అని అడిగాను. అప్పుడు చెప్పింది. తాడు ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గర ఉంటుంది. పొయ్యి పైన కడతారు. తెల్లవారి లేచి, ఎవరితోనూ మాట్లాడక ముందే వాళ్ళే ముడి విప్పుతారు. ప్రయాణం చేసే మనిషి దాన్ని తాకకూడదు, లెక్కపెట్టకూడదు. పెడితే దారి పొడుగైపోతుందట. కాబట్టి ఈమె ఆ తాడును ఒక్కసారీ చూడలేదు. ముసలామె కళ్ళకు ముడి అంటే రోజు. పదిహేను అయ్యాక కొంచెం ఖాళీ వచ్చి, మళ్ళీ మూడున్నాయి. వాటినీ రోజుకొకటి విప్పింది.

"ఆ సన్న ముడులు సూసి మాయమ్మమ్మ ఏటందో తెల్సా? మేస్టారు మంచోడు, నాట్లు అవనేదని మూడ్రోజులు ఎక్కువిచ్చినాడు, అంది."

ఇది చెప్తున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది.  ఆమె చేతులు చూశాను, రెండూ. ఒక్క చుక్క లేదు. పచ్చబొట్టు లేదా అంటే, దేవుణ్ణి నమ్ముకున్నాక వాళ్ళింట్లో ఆడవాళ్ళు పొడిపించుకోవడం మానేశారంది. ఎందుకడుగుతున్నారంది. దాచాలనిపించింది, కాని దాచలేకపోయాను. మూడో పెట్టె, నాలుగో కిటికీ, దుప్పటి, చెయ్యి, తొమ్మిది చుక్కలు, అన్నీ చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె తల తుడుచుకోవడం ఆపి, శ్రద్ధగా వింది. ఎటువైపు తిరిగి కూర్చుంది, ఇంజను వైపా, వెనక్కా అని అడిగింది. పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది. కవరు రెండు చేతులతో పట్టుకుందా, ఒక చేత్తోనా అని కూడా. నాకు తెలిసినవన్నీ చెప్పాను. చివరికి,

"ఐతే రాసే ఉంటది," అంది.

మర్నాటి నుంచి నేను వెతకడం మొదలుపెట్టాను. మిషను హాస్టలుకు ఉత్తరం రాస్తే, ఆ శనివారం కొండల నుంచి ఎవరూ రాలేదని జవాబొచ్చింది. స్టేషన్లో అడిగితే వాళ్ళేం చెప్తారు, వందమంది ఎక్కుతారు దిగుతారు. అడుక్కునే మనిషేమో అనుకున్నాను. వాన ఎలా ఉందో చూద్దామని చెయ్యి చాచిన ఏ ముసలామె చేతిలోనో కవరు పెట్టానేమో, ఆమె చదువురాక ఏ సంచీలోనో పడేసిందేమో. ఇలాగే జరిగి ఉంటుందని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. కాని వాన చూడ్డానికి చాచిన చెయ్యి పొడిగా ఉండదు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం సంతలో ఆడవాళ్ళ చేతులు చూస్తూ తిరిగేవాణ్ణి. పచ్చబొట్టు చుక్కలు పదకొండున్నవి చూశాను, ఏడున్నవి చూశాను, అరిగిపోయి లెక్కకు రానివి చూశాను. మూడు వరసల్లో తొమ్మిది ఉన్న చేతులూ చాలానే కనపడ్డాయి. ఆ వయసు వాళ్ళలో సగం మందికి అదే పొడుపు. అల్లం అమ్మే ఒకావిడ నాలుగు వారాలు చూసి, నలుగురిలో అడిగేసింది.

"ఏటి బాబూ, పెతీ వారం సెయ్యే సూత్తన్నావు. జాతకం సెప్తావా, అల్లం కొంటావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అల్లం కొన్నాను. చేతులు చూడటం మానలేకపోయాను.

ఫలితాలు క్రిస్మస్‌కు ముందు వచ్చాయి, పేపర్లో రెండు పేజీల నిండా అంకెలు. ఆమె అప్పటికి హాస్టలు మానేసి కొండకు వెళ్ళిపోయింది. వాళ్ళన్న అన్న మాట మీద నిలబడ్డాడు. కాని ఆ శుక్రవారం సంతకు దిగినప్పుడు నేరుగా గదికొచ్చి, పేపరు బల్ల మీద పరిచి నా ముందుకు తోసింది. హాల్ టికెట్టు నంబరు నాకు నోటికి వచ్చు, నేను చెప్పగా ఆమెకూ వచ్చు. వేలు పెట్టి వరస వెంట దిగాను. ఆ నంబరుకు ముందుది ఉంది. తర్వాతది ఉంది. ఆ నంబరు లేదు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. నాకు ఊపిరి ఆడింది. నా వల్ల ఒక మనిషి బతుకు కొండ మీదే ఆగిపోయిన కాగితం అది, దాన్ని చూసి నాకు గుండె కుదుటపడింది. ఆ నంబరు గనక అక్కడ ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించే ధైర్యం నాకు లేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఆమె మాత్రం పేపరు మడిచి చంకన పెట్టుకుంది.

"సదువు సాల్లేదు మేస్టారు," అంది. "దానికి మనం ఏటి నేర్పించేం గనక."

అది నన్ను దెప్పడమో, నిజంగా అనడమో నాకు ఈనాటికీ తెలియదు. క్షమించమ్మా అని అడగబోయాను. ఆ మాట వినడానికి ఆమె ఆగలేదు, పైకి పోయే బండి వేళైందని లేచి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాదనుకున్నాను. పై శుక్రవారమే వచ్చింది. సంతలో చోళ్ళు అమ్ముకుని, ఖాళీ గోనె భుజాన వేసుకుని, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది. ఆ శుక్రవారమే కాదు, తర్వాత రెండేళ్ళు అలా వచ్చింది. నేను చెప్పే లెక్కలు కళ్ళు మూసుకుని వినేది. మునుపటి కంటే నెమ్మదిగా చేసేది, ఒక్కో అడుగునూ పైకి చెప్తూ, పక్కన ఎవరికో వినిపిస్తున్నట్టు. పిల్లలు ఆ బల్ల మీద ఆమె పక్కన కూర్చోవడం తగ్గించేశారు. ఎందుకని నేనూ అడగలేదు.

ఒకరోజు పాఠం మొదలుపెట్టే ముందు, ఉండబట్టలేక అడిగాను. మళ్ళీ రాయడానికి వయసు లేదు కదమ్మా, ఇంత దూరం వచ్చి ఎందుకు ఈ శ్రమ అని.

ఆమె గోనెను మడిచి పక్కన పెట్టుకుంది.

"నాకు నేదు మేస్టారు," అంది. "మీరు సెప్పండి."

బయట మబ్బు దిగుతోంది. సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగి, ఏ అంటే ఒకటి, బి అంటే రెండు అని, అసలు ఏమీ రాని వాళ్ళకు చెప్పినట్టు, మొదటి నుంచి మొదలుపెట్టాను.